దెబ్బ ఎక్కడికి పోవాలో మనమే తేల్చాలి: ఆఫ్‌రోడ్ ఆర్‌సీ ట్రక్కును గట్టిపరిచే పద్ధతి

పెన్నా ఇసుకలో తిరిగే ఆర్‌సీ (రిమోటుతో నడిపే చిన్న) ట్రక్కుకు మోటారు కాలుతుంది. మైపాడు తీరంలో తిరిగేదానికి బేరింగులు తుప్పు పడతాయి. చీమకుర్తి వైపు గ్రానైటు ముక్కలు పరిచిన ఖాళీ స్థలాల్లో తిరిగేదానికి ముందు కాళ్లు విరుగుతాయి. ఈ మూడు చోట్లా నేను తిప్పింది ఒకే ట్రక్కు. 1/10 స్కేలు (అసలు బండిలో పదో వంతు సైజు), బ్యాటరీతో నడిచేది, బరువు రెండున్నర కిలోలు. దాన్ని విప్పి, బిగించి, విరగ్గొట్టుకుని నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నాను. (క్వారీల దగ్గరికి మాత్రం వెళ్లకండి. టిప్పర్లు తిరిగే చోటు అది. ఊరి బయట పాడుబడ్డ స్థలాలు చాలు.)

ముందు ఒక లెక్క. రెండున్నర కిలోల ట్రక్కు గంటకు 45 కిలోమీటర్ల వేగంతో రాయిని గుద్దడమంటే, దాన్ని ఎనిమిది మీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మేడ పైనుంచి, నేల మీదికి వదిలేసినట్టే. ఆ ఊపంతా ఎక్కడో ఒక చోట ఖర్చు కావాలి. ఏదో ఒకటి వంగాలి, లేదా జారాలి, లేదా విరగాలి.

ఈ సంగతి నాకు మొదటి వేసవిలో తెలియలేదు. ఎడమవైపు ముందు ఆర్మ్, అంటే చక్రాన్ని పట్టుకుని ఉండే కాలు, విరిగింది, కొత్తది వేశాను, మళ్లీ విరిగింది. ప్లాస్టిక్ కాబట్టే విరుగుతోందనుకుని అల్యూమినియం ఆర్మ్‌లు తెప్పించి బిగించాను. ఆ ఆదివారమే ఒక రాయి తగిలింది. ఆర్మ్‌కు గీత కూడా పడలేదు. దాన్ని పట్టుకుని ఉండే గేర్‌బాక్సు ముక్కు మాత్రం రెండు చెక్కలైంది. ఆ ముక్కను లేతు షాపుకు తీసుకెళ్లి, "ఇది కూడా అల్యూమినియంలో చేసిస్తావా మామా?" అని అడిగాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చేసిస్తాలే అబ్బయా. అప్పుడు దాని వెనకాల ఛాసీ ఇరుగుద్ది. దెబ్బ యాడికో ఒక చోటికి పోవాల గదా. ట్రాక్టరు గొర్రుకి స్ప్రింగులు ఎందుకు పెడతారు? రాయి తగిల్తే కర్రు లేచి పడాలని. నీ బండికి ఆ స్ప్రింగు యాడుందో చూసుకో ముందు."

అప్పటినుంచి నేను పెట్టుకున్న వరస ఇది. ముందు బంపరు వంగాలి. అది చాలకపోతే ఆర్మ్ విరగాలి. స్టీరింగు వైపు దెబ్బ సర్వో సేవరు దగ్గర ఆగాలి (సర్వో అంటే స్టీరింగు తిప్పే చిన్న మోటారు, సేవరు దాన్ని కాపాడే స్ప్రింగు భాగం). చక్రాల నుంచి వచ్చే దెబ్బ స్లిప్పరు క్లచ్ (బరువు మీరితే జారే క్లచ్) దగ్గర జారిపోవాలి. గేర్‌బాక్సు, ఛాసీ, సర్వో లోపలి పళ్లు, డిఫరెన్షియల్ (రెండు వైపుల చక్రాలకూ శక్తి పంచే గేర్లు), ఇవి ఎప్పటికీ విరగకూడదు. కింద చెప్పే ప్రతి పనీ ఈ వరసను నిలబెట్టడానికే.

మొదట: కొనకుండా చూడండి

కనీసం అయిదారు బ్యాటరీలు ఆడేదాకా ఏ భాగమూ ఆర్డరు పెట్టకండి. ఒక నోటుపుస్తకంలో ఏది విరిగింది, ఎక్కడ ఆడుతుంటే విరిగింది, దూకి పడ్డప్పుడా, రాయి తగిలినప్పుడా అని రాయండి. విరిగిన ముఖాన్ని వెలుతురులో చూడండి. విరిగిన చోట ప్లాస్టిక్ తెల్లబారి, సాగినట్టు ఉంటే ఆ భాగం తన పని తాను చేసింది, చేతనైనంత వంగి విరిగింది. గాజు పగిలినట్టు నున్నగా విరిగితే ఆ ప్లాస్టిక్ పెళుసుగా ఉంది. స్క్రూ రంధ్రం దగ్గరే ప్రతిసారీ విరుగుతుంటే తప్పు స్క్రూది, అతిగా బిగించారు లేదా సగం ఊడిన స్క్రూతో ఆడారు.

ఒకే భాగం రెండుసార్లు ఒకేలా విరిగితే అప్పుడు దాని మీద చెయ్యి వేయాలి.

స్క్రూలు

పెద్దగా ఖర్చు లేని పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. కొత్త ట్రక్కును పెట్టెలోంచి తీయగానే ప్రతి స్క్రూనూ ఒకసారి పట్టి చూడండి. ఎక్కువ భాగం 3 మి.మీ. స్క్రూలే ఉంటాయి, వాటికి 2 మి.మీ., 2.5 మి.మీ. అలెన్ కీలు సరిపోతాయి. ట్రక్కుతో పాటు ఇచ్చే ఎల్ ఆకారపు మెత్తటి కీలతో స్క్రూ తలలు అరిగిపోతాయి. పిడి ఉన్న మంచి డ్రైవర్లు రెండు కొనుక్కోండి. గట్టిపరచడంలో మొదటి ఖర్చు అదే కావాలి.

ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూను బిగించేముందు ఒకసారి వెనక్కి, అంటే ఊడే వైపుకి, మెల్లగా తిప్పండి. ఒకచోట చిన్నగా టిక్కుమని దిగుతుంది. అక్కడ పాత మర దొరికిందన్నమాట. అక్కణ్నుంచి ముందుకు తిప్పితే పాత గాడిలోనే వెళ్తుంది. అలా చూసుకోకుండా తిప్పితే ప్రతిసారీ కొత్త గాడి కోసుకుంటుంది, నాలుగుసార్లు విప్పేసరికి రంధ్రం వదులైపోతుంది.

లోహంలోకి దిగే స్క్రూలకు, అంటే మోటారు స్క్రూలు, పినియన్ గేరు (మోటారు కడ్డీ మీద ఉండే చిన్న గేరు) గ్రబ్ స్క్రూ లాంటి వాటికి, నీలం రంగు థ్రెడ్‌లాకర్, అంటే మర వదులు కాకుండా పట్టే ద్రవం, ఒక చుక్క వేయండి. లాక్‌టైట్ 243 అలాంటిదే. దాన్ని ప్లాస్టిక్‌కు తగలనివ్వకండి. ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌లను అది పగుళ్లు వారేలా చేస్తుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరాల్లో ఆడేవాళ్లు స్టెయిన్‌లెస్ స్క్రూలు వేసుకోవాలి. రాళ్లలో మాత్రమే ఆడేవాళ్లకు 12.9 గ్రేడు నల్ల స్క్రూలు మేలు, అవి స్టెయిన్‌లెస్ కంటే గట్టివి, కానీ ఉప్పు గాలికి తుప్పు పడతాయి. రెండు చోట్లా ఆడితే స్టెయిన్‌లెస్ వేసి, పది రోజులకోసారి సరి చూసుకోండి.

ముందు ఆర్మ్‌లు: ఉడకబెట్టడం

మంచి ట్రక్కుల్లో ఆర్మ్‌లు నైలాన్‌తో చేస్తారు. నైలాన్‌కు ఒక గుణం ఉంది, తేమను పీల్చుకుంటుంది. నైలాన్ 66 మామూలు గాలిలోనే తన బరువులో రెండు మూడు శాతం నీరు పట్టుకుంటుంది, నీళ్లలో పూర్తిగా నానితే ఎనిమిది శాతం దాకా వెళ్తుంది. ఆ నీరే దానికి సాగే గుణం ఇస్తుంది. అచ్చులోంచి అప్పుడే వచ్చి, కవరులో మూసి పంపిన నైలాన్ పొడిగా, పెళుసుగా ఉంటుంది. నెల్లూరు గాలిలో తేమకు కొదవ లేదు కాబట్టి కొన్ని వారాలకు అదే సర్దుకుంటుంది. కానీ మనం పార్సిల్ వచ్చిన సాయంత్రమే బిగించి ఆడతాం. నా రెండో ఆర్మ్ నున్నగా విరగడానికి కారణం అదే అని ఇప్పుడు అర్థమవుతోంది.

ముందు అది నైలానేనా అని చూడండి. ఆర్మ్ అడుగున ఇంగ్లిషులో పీఏ అని, లేదా పీఏ పక్కన 6, 66 అని అచ్చు ఉంటుంది. ఏ గుర్తూ లేకపోతే, ఏబీఎస్ అని రాసి ఉంటే ఈ పని చేయకండి. త్రీడీ ప్రింటు చేసిన పీఎల్‌ఏ భాగాలు మరిగే నీళ్లలో మెత్తబడి వంగిపోతాయి.

వంటకు వాడని గిన్నె ఒకటి తీసుకోండి. ఆర్మ్‌లకున్న పిన్నులు, బాల్ జాయింట్లు అన్నీ తీసేయండి. నీళ్లు మరిగాక ఆర్మ్‌లను దారానికి కట్టి, గిన్నె అడుగు తగలకుండా వేలాడదీయండి. అడుగు తగిలితే ఆ చోట వంకర తిరుగుతుంది. అరగంట సన్నని మంట మీద ఉంచి, మంట ఆపి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వండి. వేడి మీద తీసి చన్నీళ్లలో వేయకండి. చిన్న కాటా ఉంటే ముందూ తర్వాతా తూచండి. బరువు కొంచెం పెరిగితే పని జరిగినట్టే.

నీరు పీల్చిన నైలాన్ కొద్దిగా ఉబ్బుతుంది, పిన్ను రంధ్రం బిగుతవుతుంది. పిన్ను ఎంత మందమో అంతే సైజు డ్రిల్ బిట్టును చేత్తో పట్టుకుని రెండు చుట్లు తిప్పితే చాలు. మిషను పెట్టకండి. పిన్ను ఎక్కించి, షాకు (షాక్ అబ్జార్బరు) బిగించకుండా ఆర్మ్‌ను పైకెత్తి వదలండి. తన బరువుకు తానే కింద పడాలి. ఎక్కడైనా ఆగిందంటే పిన్ను వంకరగా ఉంది. అద్దం మీద పిన్నును దొర్లిస్తే వంకర ఇట్టే తెలిసిపోతుంది. వంగిన పిన్నును సుత్తితో సరిచేసి మళ్లీ వాడకండి. లేతు షాపులో సిల్వర్ స్టీలు కడ్డీ అదే మందంలో దొరుకుతుంది, నాలుగు ముక్కలు కోయించుకుంటే ఏడాది గడుస్తుంది.

ఇంతకీ అల్యూమినియం ఆర్మ్ ఎందుకు వద్దు? ప్లాస్టిక్ ఆర్మ్ దెబ్బకు వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది. కంటికి కనపడనంత వంకరైనా పిన్ను బిగుసుకుంటుంది, సస్పెన్షన్ కదలదు, ఆ తర్వాతి దెబ్బలన్నీ నేరుగా గేర్‌బాక్సుకు వెళ్తాయి. అల్యూమినియం బాగా పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. చక్రం వెనకుండే ఆరు పలకల 12 మి.మీ. హెక్సు, మోటారు బిగించే పలక, షాకు మూతలు. ఇవి వంగే భాగాలు కావు, అరిగే భాగాలు, వేడెక్కే భాగాలు, మర ఊడే భాగాలు. అక్కడ నిస్సంకోచంగా వేసుకోండి.

ఆట మధ్యలో ఆర్మ్ పగులు వారితే, ఇంటికి చేరేదాకా నిలబెట్టడానికి పాత సైకిల్ చువ్వ ముక్క ఒకటి సంచిలో ఉంచుకోండి. పగులుకు అడ్డంగా ఆర్మ్ అడుగున పెట్టి నైలాన్ దారంతో దగ్గర దగ్గరగా చుట్టి ముడేస్తే మెల్లగా నడిపించుకోవచ్చు. ఫెవిక్విక్ అతుకు పెళుసు, దెబ్బకు నిలవదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

బంపరు

కూరగాయలు కోసుకునే తెల్ల ప్లాస్టిక్ పలక చూశారు కదా. అది చాలావరకు పాలీఇథిలీన్. వంగుతుంది, పగలదు, రాయి మీద జారిపోతుంది. ఆరేడు మి.మీ. మందం ఉన్న పలకలో హాక్సా బ్లేడుతో బంపరు కోయండి. వెడల్పు ముందు టైర్ల మధ్యభాగం దాకా రావాలి. చక్రం కంటే ముందు బంపరే రాయిని తాకాలి, అసలు సంగతి అదే. అంచులు సాండ్ పేపరుతో గుండ్రంగా రుద్దండి, పదునైన మూల ఉంటే అక్కడే పగులు మొదలవుతుంది.

పాత బంపరు రంధ్రాల్లోనే బిగించండి, వెనక సైకిల్ ట్యూబు ముక్కలు రెండు మూడు పొరలు పెట్టండి. మామూలు జిగురు ఏదీ దీనికి అంటదు, స్క్రూ, పెద్ద వాషరు తప్ప దారి లేదు. అదే పలకలో మిగిలిన ముక్కతో ఛాసీ కింద ముందు భాగానికి ఒక తొడుగు కూడా చేసుకోవచ్చు. రాళ్ల మీద పడ్డప్పుడు స్క్రూ తలలు అరగవు. నా ట్రక్కుకు ఈ బంపరు వేసిన తర్వాత ముందు ఆర్మ్ విరగడం చాలా అరుదైపోయింది. ఈ పనులన్నిటిలో ఒక్కటే చేసే తీరిక ఉంటే ఇది చేయండి.

స్టీరింగు

సర్వోకూ చక్రాలకూ మధ్య స్ప్రింగు ఉన్న ఒక భాగం ఉంటుంది, అదే సర్వో సేవరు. దెబ్బ తగిలితే అది జారి సర్వో పళ్లను కాపాడుతుంది. స్టీరింగు వదులుగా ఉందని కొందరు దాన్ని తీసి గట్టి లోహపు చెయ్యి వేస్తారు. ఒక్క రాయికి సర్వో పోతుంది. సేవరు ఉంచండి, స్ప్రింగు మెత్తబడితే మార్చండి.

సర్వోను మార్చాలనుకుంటే లోహపు పళ్లు ఉన్నది తీసుకోండి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో తేలిగ్గా దొరికే ఎమ్‌జీ996ఆర్ లాంటిది మామూలు సైజు ట్రక్కుకు సరిపోతుంది. బలమైన సర్వో ఆగిపోయిన చోట రెండు మూడు ఆంపియర్లు లాగుతుందని గుర్తుంచుకోండి. స్పీడ్ కంట్రోలరు (బ్యాటరీ నుంచి మోటారుకూ సర్వోకూ కరెంటు పంచే భాగం) అంత ఇవ్వలేకపోతే స్టీరింగు తిప్పినప్పుడల్లా రిసీవరు, అంటే రిమోటు సంకేతాన్ని అందుకునే భాగం, ఆరిపోయి వెలుగుతుంది, ట్రక్కు అదుపు తప్పుతుంది. ఇచ్చే సామర్థ్యం ఎంతో చూసుకున్నాకే కొనండి. బిగించాక రిమోటులో చివరి హద్దులు సరిచేయండి. చక్రం పూర్తిగా తిరిగాక కూడా సర్వో గుయ్యిమంటుంటే హద్దు తగ్గించాలి.

గేర్లు, స్లిప్పరు, డ్రైవ్‌షాఫ్టులు

పినియన్‌కూ, అది తిప్పే పెద్ద గేరు అయిన స్పర్ గేరుకూ మధ్య ఎడం కోసం నోటుపుస్తకం కాగితం సన్నటి ముక్క చించి రెంటి మధ్యా పెట్టండి. మోటారును దగ్గరికి నొక్కి స్క్రూలు బిగించి, గేరు తిప్పుతూ కాగితం బయటికి తీయండి. కాగితం మీద పళ్ల అచ్చు పడాలి, చిరగకూడదు. స్పర్ గేరు పూర్తిగా గుండ్రంగా ఉండదు కాబట్టి నాలుగు చోట్ల తిప్పి చూడండి, అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట కాస్త వెసులుబాటు ఉండాలి. పినియన్ స్టీలుది వేసుకోండి. స్పర్ ప్లాస్టిక్‌దే ఉండనివ్వండి. అది చవక, అది పోతే మోటారూ డిఫరెన్షియలూ దక్కుతాయి.

స్లిప్పరును మొదట పూర్తిగా బిగించి, తర్వాత నట్టును అర చుట్టు వదులు చేసి మొదలుపెట్టండి. గట్టి నేల మీద ఒక్కసారిగా యాక్సిలరేటరు నొక్కితే అడుగో రెండడుగులో సన్నగా కీచుమని జారి తర్వాత పట్టుకోవాలి. అసలు జారకపోతే దెబ్బంతా గేర్లకే. ఎక్కువ జారితే స్లిప్పరు కాలి స్పర్ గేరు మధ్యభాగం కరుగుతుంది.

పెన్నా ఇసుకలో ఆడేవాళ్లు పినియన్‌ను ఒకటి రెండు పళ్లు తక్కువది వేసుకోవాలి. ఎండిన ఇసుక చక్రాన్ని కింద నుంచి పట్టి లాగినట్టు లాగుతుంది, మోటారు మీద ఎడతెగని బరువు పడుతుంది. అయిదు నిమిషాలకోసారి ఆపి మోటారును వేలితో తాకి చూడండి. మూడు సెకన్లు వేలు నిలపలేకపోతే చల్లారేదాకా ఆపేయాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఆట అసలు వద్దు, తెల్లవారుజామున వెళ్లండి.

ప్లాస్టిక్ డ్రైవ్‌షాఫ్టులు (చక్రాలకు శక్తి చేర్చే కడ్డీలు) తాడులా మెలి తిరుగుతుంటే స్టీలువి వేయాల్సిందే. అయితే వాటిని విరగ్గొట్టేది చాలాసార్లు మన వేలే. గాలిలో ఉన్నప్పుడు యాక్సిలరేటరు నొక్కే ఉంచితే చక్రాలు ఉధృతంగా తిరుగుతూ నేల తాకి ఒక్కసారిగా ఆగుతాయి. ఆ మెలి షాఫ్టుకు వెళ్తుంది. నేల తాకేముందు వేలు వదలండి.

షాకులు

వీటి గురించి రెండు మాటలు చాలు. ట్రక్కును మోకాలి ఎత్తు నుంచి నేల మీద వదలండి. ఛాసీ నేలను తాకీ తాకనట్టు తాకి, ఎగరకుండా లేవాలి. ఠప్పున కొట్టుకుంటే షాకులో సిలికాన్ నూనె చిక్కనిది పోయండి. షాకు కడ్డీకి చిన్న ఓ-రింగు ఎక్కిస్తే చివరి దెబ్బ మెత్తబడుతుంది.

బాడీ

పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్ బాడీ గుద్దుకు పగలదు, మూలల నుంచి చిరుగుతుంది. చక్రాల గూడు అంచులు, బాడీ పోస్టు రంధ్రాలు, ముందు వెనక మూలలు, చిరుగు మొదలయ్యేది అక్కడే. కొత్త బాడీనే గట్టిపరిస్తే ఏళ్లు ఉంటుంది.

ఫాల్స్ సీలింగు పని చేసేవాళ్ల దగ్గర జిప్సం బోర్డు అతుకుల మీద వేసే ఫైబర్ గ్లాసు జాలీ టేపు ఉంటుంది. ఒక చుట్ట కొంటే నాలుగు బాడీలకు వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఎండినా రబ్బరులా సాగే జిగురు కావాలి. బూట్లు అతికే షూ గూ దీనికి పేరుపడ్డది. అది దొరక్కపోతే చెప్పుల షాపులో వాడే రబ్బరు జిగురు వాడొచ్చు, కానీ ముందు బాడీ నుంచి కోసి పారేసిన అంచు ముక్క మీద రాసి ఒక రోజు ఆగి చూడండి. కొన్ని జిగురుల్లోని ద్రావకం పాలీకార్బొనేట్‌ను తెల్లబార్చి పగుళ్లు తెస్తుంది. ఎండాక గాజులా గట్టిపడే అరాల్డైటు ఇక్కడ పనికిరాదు, బాడీ వంగగానే పొరగా లేచిపోతుంది.

రంగు వేసేది లోపలి వైపే కాబట్టి రంగు పూర్తిగా ఆరాకే పని మొదలుపెట్టండి. జాలీని రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కోసి మూలల్లో అతికించండి. పొడుగు పట్టీ మూల తిరిగే చోట ముడత పడుతుంది, అందుకే చిన్న ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వేయాలి. జిగురును నీళ్లలో తడిపిన వేలితో పలచగా రుద్దండి, తడి వేలికి అది అంటదు. జాలీ గళ్లు నిండితే చాలు, మందం పెంచితే బాడీ బరువెక్కి ట్రక్కు పల్టీలు కొడుతుంది. ఫ్యాను గాలి తగిలే గదిలో, కిటికీలు తీసి, చిన్నపిల్లలకు దూరంగా చేయండి. ఆ వాసన తలకెక్కుతుంది. ఒక పగలు ఒక రాత్రి ఆరనివ్వండి.

ఉప్పు, ఇసుక, వల దారం

మైపాడు తీరంలో ఆడి వచ్చాక చక్రాలు విప్పి యాక్సిల్ చూడండి. తెగిన వల దారాలు ఇసుకలో కలిసి ఉంటాయి, అవి యాక్సిల్‌కు చుట్టుకుని బేరింగు మూతను కోసేస్తాయి. బయటికి ఏమీ కనపడదు, వారం తర్వాత బేరింగు గరగరమంటుంది. దారాన్ని సూదితో లేపి బ్లేడుతో కోయండి.

తర్వాత బ్యాటరీ తీసి, తడిబట్టతో ఉప్పు తుడవండి. ఆర్మ్‌లు, చక్రాల హబ్బులు మంచినీళ్లతో కడిగి, పంక్చరు షాపులో గాలి కొట్టించండి. బేరింగుల మూత సూదిమొనతో మెల్లగా లేపి, పాత గ్రీజు, ఇసుక కడిగి, ఆరాక మంచి నూనె ఒక్క చుక్క వేయండి. డబ్ల్యూడీ-40 తడిని తరుముతుంది, కానీ నిలవదు. దాని పైన నూనె వేయకపోతే మూడు రోజుల్లో తుప్పు కనిపిస్తుంది. చక్రం చేతిలో పట్టి తిప్పితే గరగర లేకుండా తిరగాలి. శబ్దం ఉన్న బేరింగును ఆ రోజే మార్చండి. అది బిగుసుకుపోతే హబ్బు ప్లాస్టిక్ కరిగి రెండూ పోతాయి.

అన్నీ బిగించాక మొదటి బ్యాటరీ సగం వేగంతోనే ఆడండి. పది నిమిషాల తర్వాత ఆపి, మోటారు స్క్రూలు, చక్రాల నట్లు, ఆర్మ్ పిన్నుల చివరి స్క్రూలు, ఈ మూడూ మళ్లీ పట్టి చూడండి. కొత్తగా బిగించినవి మొదటి పది నిమిషాల్లోనే వదులవుతాయి. సంచిలో ఉడకబెట్టిన ముందు ఆర్మ్‌లు జత, స్పర్ గేరు ఒకటి, సిల్వర్ స్టీలు పిన్నులు రెండు, చక్రాల నట్లు నాలుగు, సైకిల్ చువ్వ, నైలాన్ దారం వేసుకుని బయల్దేరండి.